వీణకును ఓడకును లింగమెక్కడిది?



1948వ సంవత్సరము మార్చి నెల 14వ తేదీన విశాఖపట్టణపు రేవులో నొక క్రొత్త యోడ నీటిలోనికి దిగినది. సింధియా స్టీమ్ నావిగేషన్ కంపెనీవారు అక్కడి తమ కర్మాగారమున నిర్మించిన యెనిమిదివేల టన్నుల పొగయోడ యది. దేశమునకు స్వాతంత్ర్యము వచ్చి యప్పటికి ఏడు నెలలు. ప్రధానమంత్రి జవహర్‌లాల్ నెహ్రూ స్వయముగా వచ్చి దానికి జలప్రవేశము చేయించెను. దాని పేరు జల ఉష. ఉష యనగా వేకువ. వేదములలో ఉషస్సు స్త్రీదేవత. పురాణములలో ఉష బాణాసురుని కూతురు.

అట్టి యోడనుగూర్చి యింగ్లీషున మాటాడువారు "షీ" యనుట ఆచారము. అనగా "ఆమె" యని. మనము "అది" యందుము. ఇంగ్లీషులో జడవస్తువునకు "ఇట్" అను వేఱొక మాట లేకపోలేదు. కుర్చీకి నదే, కత్తికి నదే, గోడకు నదే. ఓడకు మాత్రము షీ. మనకట్టి పక్షపాతము లేదు. కాని మన భాషలో మఱియొక చిక్కున్నది. ఓడ నీట దిగినది. ఉష యను బాలిక మేడ దిగినది. బాలుడైనచో దిగినాడు. ఓడకును బాలికకును ఒకే క్రియ, బాలునకు వేఱొకటి. ఇంగ్లీషువాడు ఓడను ఆడుదానిగా జేసినాడని మనము నవ్వుదుము. మనము ఆడుదానిని ఓడతో జేర్చితిమని వాడు నవ్వును. ఈ రెండు నవ్వులలో నెవరిది న్యాయమో విచారింపవలెనని నేడు మీ యెదుటికి వచ్చితిని.

ఇందుకు ముందుగా సంస్కృతముకడకు పోవలెను. ఏలయన వస్తువులకు లింగము కట్టుటలో నంత శ్రద్ధ వహించిన శాస్త్రము మన దేశమున మఱియొకటి లేదు.

నేను ప్రాచ్యకళాశాలలో చదివి, ముప్పదియేండ్లకు పైగా పాఠశాలలలో తెలుగు చెప్పినవాడను. మా చదువు అమరముతో నారంభమైనది. ఆ గ్రంథమునకు కర్త పెట్టిన పేరు నామలింగానుశాసనము. అనగా పేర్లను, వాని లింగములను నేర్పునది. పేరు నేర్చి లింగము నేర్వనివానికి సంస్కృతము రాదు. అందలి నాట్యవర్గములో వాద్యములు వచ్చును. తీగలు గలవి తతములు, తోలు మూసినవి ఆనద్ధములు, ఊదునట్టివి సుషిరములు, కంచుతాళములవంటివి ఘనములు. వీణ స్త్రీలింగము. దాని మాఱుపేర్లయిన వల్లకి, విపంచి యనునవియు స్త్రీలింగములే. ఏడు తీగలున్నచో పరివాదిని; అదియు నంతే. మృదంగము, మురజము పుంలింగములు. భేరి స్త్రీ, దాని ప్రక్కనే యున్న దుందుభి పురుషుడు. పటహము స్త్రీలింగము మాత్రము కాదు, తక్కిన రెండింటిలో నేదైనను గావచ్చును.

ఇది వల్లించునప్పుడు మాలో నొకడు లేచి, "భేరి కోక కట్టినదా, దుందుభి మీసము దువ్వినదా? వీనికి లింగమెట్లు తెలిసినదండీ?" యని యడిగెను. మా గురువుగారు కోపింపలేదు. ఈ ప్రశ్న నీకంటె రెండువేల యేండ్లకు ముందే పతంజలి వేసికొన్నాడురా యని మహాభాష్యమునుండి యా ఘట్టమును చెప్పిరి. లోకములో స్త్రీని, పురుషుని శరీరచిహ్నములనుబట్టి గుర్తింతుము. వ్యాకరణములోను నవే లింగమునకు కారణములైనచో మంచమునకు సంస్కృతమున గల ఖట్వా యను పేరు స్త్రీలింగమేల? చెట్టునకు గల వృక్షశబ్దము పుంలింగమేల? మంచమున కే చిహ్నమున్నది? చెట్టున కే మీసమున్నది? కావున లోకములోని లింగము వైయాకరణులకు పనికిరాదనియు, వారు తమ సిద్ధాంతమును తామే యేర్పఱచుకొనవలెననియు పతంజలి తేల్చెను. ఏటి యొడ్డునకు తటశబ్దము గలదు. దానిని తటః యనవచ్చును, తటీ యనవచ్చును, తటమ్ అనవచ్చును; మూడు లింగములును చెల్లును. ఒడ్డు ఒక్కటే. అంతకంటె వింత, ఇల్లాలికి గల మాటలలో భార్య స్త్రీలింగము, కళత్రము నపుంసకము, దారశబ్దము పుంలింగము, అదియును బహువచనము. ఇంటిలో నున్నది ఒక్క యిల్లాలే.

కాబట్టి లింగము మాటకే గాని వస్తువునకు గాదని మన పూర్వులు స్పష్టముగా నెఱిగియుండిరి. ఐతరేయారణ్యకములో వీణను శరీరముతో బోల్చిన భాగమున్నది. శరీరమునకు తల యున్నట్లు వీణకును తల యున్నది; కడుపున్నట్లు కడుపున్నది; వ్రేళ్లున్నట్లు తంత్రులున్నవి; దేహమునకు చర్మమున్నట్లు దానికిని చర్మమున్నదని చెప్పి, దేహము దైవనిర్మితమైన వీణ, కొయ్యవీణ మానవనిర్మితమనును. శబ్దము స్త్రీలింగమైనను, అచ్చట వీణను స్త్రీ యనలేదు. మనిషి యనెను. అది గమనింపదగినది.

ఇంతవఱకు శాస్త్రము. కవి శాస్త్రముతో నాగడు. మాటకు లింగము దొరకినంతనే దానిపై నొక యిల్లు కట్టును.

పిల్లనగ్రోవిని చూడుడు. దానికి సంస్కృతమున వేణుశబ్దమున్నది, అది పుంలింగము. భాగవత దశమస్కంధములో గోపికలు వేణునాదమును విని, ఈ వేణువు ఏ పుణ్యము చేసినాడో యని యసూయపడుదురు. తమకు దక్కవలసిన కృష్ణుని యధరామృతమును వాడు త్రాగుచున్నాడు. వాని పుట్టుకకు నీరిచ్చిన యేఱులు పులకించినవట. చెట్లు ఆనందబాష్పములు విడిచినవట. కులమున మంచి కొడుకు పుట్టినప్పుడు పెద్దలు సంతోషించునట్లు. వంశమనగా వెదురును, కులమును గూడ గదా! అక్కడ వేణువు గొప్పవంశమున బుట్టిన యదృష్టవంతుడు.

పిమ్మట పదునాఱవ శతాబ్దమున వ్రజభాషలో సూరదాసు పాడిన పదములను చూతము. అక్కడ వాద్యము పేరు మురళి. ఆ మాట స్త్రీలింగము. అంతటితో కథ మాఱినది. మురళి గోపికలకు సవతియైనది. కృష్ణుని ఒంటికాలిపై నిలువబెట్టుచున్నది, మెడ వంచించుచున్నది, ఆయన పెదవిని పానుపు చేసికొని పవ్వళించుచున్నది. అంత చేసినను ఆయనకు దానిపైననే మక్కువ. వెదురు అదియే, రంధ్రములు అవియే, ఊదువాడును ఆ కృష్ణుడే. మాట మాఱగా కొడుకు పోయి సవతి వచ్చినది. పామరులలో పాడుకొను పాటకును, ఇంటిలో సాగు తగవునకును ఈ రెండవదియే దగ్గఱ. అందుచేతనే కాబోలు మురళీపదములు ఉత్తరదేశమున నంతగా ప్రచారమయ్యెను.

మన తెలుగున వేణువన్నను, మురళి యన్నను, పిల్లనగ్రోవి యన్నను "అది" యే. తెలుగుకవి దానిని సవతిని జేయగోరినచో వ్యాకరణము తోడురాదు. ఆ రూపకమును తన భుజములపైననే మోయవలెను.

ఇక మన వ్యాకరణము సంగతి. చిన్నయసూరి బాలవ్యాకరణము 1858లో వెలువడినది. తెలుగు మాటలకు మన వైయాకరణులు చేసిన ముఖ్యవిభాగము మహత్తు, అమహత్తు అని. పురుషులును, పురుషదేవతలును మహత్తులు. స్త్రీలు, పశుపక్షులు, ఱాళ్లు, కొయ్యలు అమహత్తులు. అయితే స్త్రీలను చెప్పు మాటలకు మహతీవాచకములని వేఱొక పేరుగూడ గలదు. అవి ఏకవచనమున అమహత్తులతోను, బహువచనమున మహత్తులతోను జేరును.

ఒకమాఱు తొమ్మిదవ తరగతిలో నీ పాఠము చెప్పుచుండగా నొక బాలిక లేచి, "నారదుని వీణ పేరు మహతి కదండీ, అది మహతీవాచకమా?" యని యడిగెను. తరగతి యంతయు గొల్లుమన్నది. ప్రశ్న మాత్రము చక్కనిది. కోశములలో గంధర్వుడైన విశ్వావసుని వీణ బృహతి, తుంబురునిది కళావతి, నారదునిది మహతి, సరస్వతిది కచ్ఛపి. నాలుగును స్త్రీనామములే. సంస్కృతమున నారదుని మహతి నిజముగా "ఆమె". తెలుగులోనికి వచ్చినంతనే యా మహతి మహతి గాకపోవును. కొయ్యయు తీగయు గల అమహత్తగును. బల్లపై నీ వాక్యములు వ్రాసి చూపితిని: రాముడు పాడుచున్నాడు. సీత పాడుచున్నది. వీణ మ్రోగుచున్నది. ఇక బహువచనము: బాలురు పాడుచున్నారు. బాలికలు పాడుచున్నారు. వీణలు మ్రోగుచున్నవి.

ఆ బాలిక కూర్చుండలేదు. "అయితే నేను ఒక్కతెనే యున్నప్పుడు వీణతో సమానము, నలుగురితో గూడినప్పుడు మనిషినా?" యనెను. ఈసారి యెవరును నవ్వలేదు.

ఆనాడు గంట కొట్టువఱకు చెప్పిన సమాధానమునే కొంత పెంచి మీకును మనవి చేయుచున్నాను. ఇది చిన్నయసూరి కల్పించినది కాదు. ఆయన వాడుకలో నున్నదానిని వ్రాసిపెట్టెను. మన పొరుగుభాషలలో తమిళులు, కన్నడులు ఆడుదానికి ప్రత్యేకముగా "అవళ్", "అవళు" అందురు; క్రియయు వేఱుగా నుండును. తమిళ ప్రాచీనవ్యాకరణమైన తొల్కాప్పియము స్త్రీపురుషుల నిద్దఱిని ఉయర్తిణై యను నున్నతవర్గములోనే చేర్చినది. ఇటువైపు ఆదిలాబాదు అడవులలోని గోండీ, కోలామీ భాషలను చూచినచో, అక్కడ స్త్రీలు ఏకవచనమునను బహువచనమునను గూడ పురుషేతరములతోనే చేరుదురు. తెలుగు ఈ రెంటికిని నడుమ నిలిచినది. ద్రావిడభాషల చరిత్రను శోధించిన భద్రిరాజు కృష్ణమూర్తిగారి యభిప్రాయమున మూలద్రావిడభాషలోనే ఏకవచనమున పురుషులొక వైపు, తక్కినవన్నియు నొక వైపు నుండెడివి. బహువచనమున మనుష్యులొక వైపు, తక్కినవి యొక వైపు. అట్లయినచో తెలుగు పాతపద్ధతినే నిలుపుకొన్నది. తమిళ కన్నడములు స్త్రీకి క్రొత్తగా వేఱు రూపమును కల్పించుకొన్నవి. ఇతర పండితులలో మఱియొక విధముగా దలచినవారును గలరు. ఎట్లయినను ఇది వేలయేండ్ల మాట. ఏ యొక్క మగవాడును కూర్చుండి యాడుదానిని అవమానింపవలెనని చేసిన కట్టడి గాదు.

లెక్కించునప్పుడు మనము స్త్రీని వస్తువుతో గలుపము. ఒక్కతె వేఱు, ఒక్కటి వేఱు. ఇద్దఱు కన్యలు, రెండు వీణలు. ఆ బాలిక తన నోటితోనే "ఒక్కతెనే" యన్నది గాని "ఒక్కటినే" యనలేదు. ఆ సంగతి చెప్పగా దానికి కొంత తృప్తి కలిగినది. "దానికి" అంటిని, గమనించితిరా? శిష్యురాలిపై ముద్దుచేత నాలుక కట్లు తిరిగినది.

అసలు చిక్కు అక్కడ నున్నది. వ్యాకరణము పురాతనమే, వాడుక మాత్రము మన చేతిలోనిది. ఆమె యనవచ్చును, ఆవిడ యనవచ్చును, అమ్మగారు వచ్చినారు అనవచ్చును. గౌరవము కావలెనన్నప్పుడు మన భాష బహువచనపు తలుపు తెఱచియే యుంచినది. కూతురిని "అది" యనుటలో ముద్దున్నదని యొప్పుకొందును. కోడలిని "అది" యనుటలో నా ముద్దు ఎన్ని యిండ్లలో నున్నది? కొడుకు చదువునుగూర్చి మాటాడునప్పుడు "వాడు పట్నము పోవుచున్నాడు" అని, కూతురి చదువు వచ్చునప్పటికి "దానికెందుకు చదువు?" అన్న తండ్రులను ముప్పదియేండ్ల కొలువులో నెందఱినో చూచితిని. ఆ "దానికి" అను మాటను వ్యాకరణము పలికింపలేదు.

అదే యింటిలో విజయదశమినాడు వీణకు పసుపు కుంకుమ పెట్టుదురు. కాలు తగిలినచో వీణను తాకి కన్నుల కద్దుకొందురు. సరస్వతీవీణకు నేటి రూపము, ఇరువదినాలుగు మెట్లతో, పదునేడవ శతాబ్దమున తంజావూరు నేలిన తెలుగురాజు రఘునాథనాయకుని కాలమున స్థిరపడినదని సంగీతచరిత్రకారులు చెప్పుదురు. బొబ్బిలికి చేరువనున్న గొల్లపల్లిలో ఒకే పనసమ్రానును తొలిచి కుండయు దండియు నొకటిగా చెక్కుదురు. ఆ కొయ్యను "తల్లీ" యని మ్రొక్కుదుము. తల్లియైన వీణయు "అది" యే, కోడలును "అది" యే. మొదటి "అది" లో నమస్కారమున్నది. రెండవదానిలో నున్నదేమో యెవరికి వారు చూచుకొనదగినది.

వాద్యమునకు మనిషిపేరు పెట్టి "ఆమె" యని పిలుచుట పాశ్చాత్యదేశములలో చూడనగును. ఫిడేలు ఇటలీవారికి "వయొలీనో", పుంలింగము. దాని పెద్దక్కవంటి "వయొలా" స్త్రీలింగము. ఆ ఫిడేలే జర్మనీకి పోయి "గైగె" యనిపించుకొని స్త్రీయైనది. ఇది మన భేరీదుందుభుల వ్యవహారమే. ఇంగ్లీషువారికి వ్యాకరణములో నట్టి నిర్బంధము లేదు గనుక, వారు "షీ" యన్నచో అది మనసార యన్న మాట.

అమెరికాలో బి. బి. కింగ్ అను నల్లజాతి గాయకుడుండెను, 2015లో గతించెను. 1949 చలికాలమున అర్కాన్సా రాష్ట్రమున ట్విస్ట్ అను చిన్న యూరిలో నొక నాట్యశాలలో వాయించుచుండెను. చలికి కిరసనాయిలు పోసి మంట పెట్టిన పీపా నడుమ నుండెను. ఇద్దఱు మగవాండ్రు పోట్లాడుకొని యా పీపాను పడద్రోసిరి, పాక అంటుకొన్నది. అందఱితోపాటు బయటికి పరుగెత్తిన కింగ్, గిటారు లోపల మఱచితినని మరల మంటలలోనికి దూఱి దానిని తెచ్చుకొన్నాడు. ఆ పోట్లాట లుసీల్ అను నాడుదానికై జరిగినదని పిమ్మట తెలిసినది. అట్టి తెలివిమాలిన పని మరల చేయరాదని తనకు గుఱుతుగా ఆ గిటారునకు లుసీల్ అని పేరు పెట్టెను. ఆ తరువాత నెన్ని గిటారులు మార్చినను ఆ పేరే. ఆమె యనియే పిలిచెను.

మన దేశమున దీనికి తలక్రిందైన యాచారము గలదు. మనవారు మనిషి పేరును వాద్యమునకు పెట్టరు. వాద్యము పేరునే మనిషికి పెట్టుదురు. చెన్నపట్టణమున 1938లో గతించిన ధనమ్మాళ్ లోకమునకు వీణ ధనమ్మాళ్. విజయనగరపు సంగీతకళాశాలలో చిరకాలము విద్య గఱపిన ద్వారము వేంకటస్వామినాయుడుగారిని జనము ఫిడేలు నాయుడుగారనిరి. కింగ్ తన గిటారును మనిషిని జేసికొన్నాడు. మన వైణికురాలు వీణను తన యింటిపేరు చేసికొన్నది. నాకు రెండవ పద్ధతియే మనసునకు హత్తును. అందు వాద్యము పెద్దది, మనిషి చిన్న.

ఉత్తరదేశమున తంబురాలలో మర్దానా, జనానా యని రెండు గలవు. మగగొంతుకు చేరు మంద్రశ్రుతి గల పెద్దది మర్దానా. ఆడుగొంతుకు చేరు చిన్నది జనానా. ఈ విభాగము వ్యాకరణమునుండి గాక గొంతుకనుండి వచ్చినది గనుక దీనికి చెవిలో ప్రమాణమున్నది.

ఇక యంత్రములు. మొదట చెప్పిన యోడకే మరల వత్తము. ఇంగ్లీషు ప్రాచీనరూపమున "షిప్" అను మాట నపుంసకలింగము. ఆ కాలమున వారికిని సంస్కృతమునకువలె మాటకు లింగముండెడిది. నడిమి శతాబ్దములలో నది యూడిపోయినది. ఊడిపోయిన పిమ్మట నావికులు ఓడను స్త్రీని జేసిరి. బెన్ జాన్సన్ అను నాటకకర్త వ్రాసిన ఇంగ్లీషు వ్యాకరణము, ఆయన మరణానంతరము, 1640లో అచ్చయినది. ఓడకు హెర్క్యులీజ్ అని మగవీరుని పేరు పెట్టినను, హెన్రీ యని పెట్టినను, షీ యనియే యందురని అందాయన గుర్తించెను. జాన్సన్ ఉదాహరణము మూడువందలయేండ్లకు నిజమైనది. 1945లో బ్రిటిషువారు హెర్క్యులీజ్ అను విమానవాహక యుద్ధనౌకను నీటిలోనికి దింపిరి. యుద్ధము ముగియుటచే దాని పని సగములో నాగినది. 1957లో దానిని భారతదేశము కొన్నది. 1961 మార్చి 4వ తేదీన బెల్‌ఫాస్ట్ నగరమున విక్రాంత్ అను పేరుతో మన నౌకాదళములో చేరినది. హెర్క్యులీజ్ గ్రీకుల భీముడు, విక్రాంతుడనగా పరాక్రమవంతుడు. రెండును మగపేర్లే. మన నౌకాదళమువారి యింగ్లీషుకాగితములలో మాత్రము షీ. పేరు సంస్కృతము, సర్వనామము బ్రిటిషు. దొరలు వెడలినను దొరసాని మిగిలినది.

దీనికి వ్యతిరేకముగా నొక జర్మను నావికాధికారి కథ యున్నది. బిస్మార్క్ అను మహాయుద్ధనౌకకు నాయకుడైన లిండెమన్, ఇంత బలముగల నౌక ఆడుది గానేరదని, తన నౌకను "అతడు" అనవలెనని కోరెనట. ఆ నౌకలో నుండి బ్రతికి బయటపడిన యధికారి యొకడు తన గ్రంథములో వ్రాసెను. 1941 మే 27వ తేదీన బిస్మార్క్ మునిగినది. సముద్రమునకు సర్వనామములతో పనిలేదు. ఫిరంగుల సంగతియు నంతే. 1549లో పోతపోసినట్టిదియు, నేడు బిజాపురపు కోటలో నున్నట్టిదియునగు ఫిరంగికి మాలిక్-ఎ-మైదాన్ అని పేరు. రణరంగపు ప్రభువని యర్థము. ఉర్దూలో ఫిరంగికి గల "తోప్" అను మాట స్త్రీలింగమైనను, దానికి ప్రభుత్వమిచ్చిరి. 1914లో జర్మనులు తమ పెద్దఫిరంగిని లావుపాటి బెర్తా యనిరి. చంపునది మగవాడైనను కావచ్చును, ఆడుదైనను కావచ్చును.

లండను నగరమున 1734నుండి వెలువడుచు వచ్చిన లాయిడ్స్ లిస్ట్ అను నౌకావార్తాపత్రిక, 2002లో ఓడలకు షీ యనుట మానివేసి "ఇట్" అని వ్రాయ నిశ్చయించినది. ఓడ వర్తకపు సొత్తు, భవనమువంటిది. దానికి స్త్రీత్వమేల యని వారి వాదము. పాతనావికులు కోపించిరి. బ్రిటిషు నౌకాదళము తన వాడుకను మార్చుకొనలేదు. నెలలతరబడి మగవాండ్రు మాత్రమే నీటిపై నుండిన కాలమున, తమ్ము మోసి కాపాడునది యొక్క ఓడయే గనుక దానిని తల్లి యనుకొనిరనుట యొక పక్షము. మగవాడు తన యధీనమున నున్నదానినెల్ల ఆడుదానిగా దలచునన్నది రెండవ పక్షము. నా మట్టుకు రెండవదానిలో నెక్కువ సత్యము తోచుచున్నది. తల్లి యనుకొన్నవాడు "ఈమెను త్రిప్పుట కష్టము, ఈమెకు అలంకారపు ఖర్చెక్కువ" యని పరిహాసములాడునా?

రైలు మన దేశమునకు వచ్చినప్పుడు ఆ వాడుకయు కొంత దిగుమతియైనది. 1855లో లీడ్స్ నగరమున చేసి తెచ్చి వంగదేశమున నడిపిన యొక యింజనునకు ఫెయిరీ క్వీన్ అని పేరు, అప్సరసల రాణి. ఉర్దూ హిందీలలో రైలుబండి "గాడీ" గనుక వచ్చినది స్త్రీ: గాడీ ఆయీ. ఇంజను పురుషుడు: ఇంజన్ ఆయా. లాగువాడు మగవాడు, లాగబడునది యాడుది. హైదరాబాదు సంస్థానమున ఉర్దూలో చదివిన పెద్దలు నాకు చెప్పిన మాట: లెక్కలు వచ్చినవి, చరిత్ర వచ్చినది, మోటారు ఆయా, ఆయీ యన్నది మాత్రము పెండ్లినాటికిని నిశ్చయముగా రాలేదని. మోటారు స్త్రీ, ఓడకు గల "జహాజ్" పురుషుడు, గడియారమునకు గల "ఘడీ" స్త్రీ, సితారు పురుషుడు, సారంగి స్త్రీ. దీనికి హేతువడిగినచో మరల పతంజలియే దిక్కు.

తెలుగువాడు యంత్రమును స్త్రీని జేయలేదు, పురుషుని జేయలేదు. అట్లని జడముగాను విడువలేదు. మన మాటలను చెవిపెట్టి వినుడు. బండి మొరాయించినది. లారీ ఎత్తెక్కలేక రొప్పుచున్నది. ఇంజను నూనె త్రాగుచున్నది. రైలు కూత పెట్టినది. మొరాయించునది యెద్దు, రొప్పునది యెద్దు. కూసినది యే పక్షియో. కొయ్యనాగలికి ముందు నడచిన పశువునకు గల మాటలనే మన రైతు యినుపయంత్రమునకు ఇచ్చెను. పశువైనచో దానికి ఆకలి యున్నది, అలసట యున్నది, దెబ్బ తగులునన్న దయ యున్నది. ఎండలో నడచి వచ్చిన ట్రాక్టరును నీడకు చేర్చి, "కాసేపు చల్లారనిమ్ము, పాపము" అన్న కమతగాండ్రను నేనెఱుగుదును. ఆ "పాపము" అను మాట ఇంగ్లీషు నావికుని షీ కంటె నాకు దొడ్డదిగా దోచును.

ఇప్పుడు క్రొత్తచిక్కు వచ్చినది. యంత్రములు మాటాడుచున్నవి. రైలుస్టేషనులో బండి రాకను చెప్పునది ఆడుగొంతు. చేతిఫోను త్రోవ చెప్పును, వానపడునా యన్న సంగతి చెప్పును; అదియు తఱచుగా ఆడుగొంతే. చెప్పిన పని వెంటనే చేయు దాసికి ఆడుగొంతే యేల పెట్టిరని 2019లో యునెస్కో సంస్థ యొక నివేదికలో ఆక్షేపించినది. తిట్టినను మెత్తగా బదులు చెప్పునట్లు వానిని చేసిరనియు, పిల్లలు దానిని చూచి యేమి నేర్తురనియు నందు ప్రశ్నించినారు. ఆ ప్రశ్న మా తొమ్మిదవ తరగతి బాలిక ప్రశ్నకు చెల్లెలు.

కడచిన సంక్రాంతికి మా బంధువుల యింట నొక ముచ్చట జరిగినది. ఎనుబదియేండ్ల పెద్దాయన, ఆయన మనుమడు, నేను కారులో పోవుచుంటిమి. ఫోను త్రోవ చెప్పుచుండెను. చెఱువుకట్టమీదుగా దగ్గఱిదారి యున్నదని చెప్పగా పెద్దాయన యాశ్చర్యపడి, "మన యూరి కట్ట సంగతి ఆవిడ కెట్లు తెలిసినదోయి?" యనెను.

"ఆవిడ కాదు తాతయ్యా, అది యంత్రము" అని మనుమడు.

"చెప్పినదా, లేదా?"

"చెప్పినది."

"నేనును అదే యంటిని గదా, చెప్పినదని."

ఇద్దఱును ఒకే క్రియ వాడిరి, తగవు లేకపోయెను. ఇంతలో పెద్దాయన జేబులోని ఫోనును దేనికో మేలుకొని, మఱియొక దారి చెప్పసాగినది. రెండు గొంతులును ఒకదానిపై నొకటి పడినవి. మనుమడు చిరాకుపడి, "రెండును ఒకేసారి చెప్పుచున్నవి, ఒకదానిని ఆపుము తాతయ్యా" యనెను. పెద్దాయన జేబు తడుముకొనుచు, "ఉండవోయి, ఇద్దఱును చెప్పుచున్నారు, ఎవరి మాట సరియో విననీ" యనెను.